ఒళ్లో గాజుజాడీ

బస్సు తిరువళ్లూరు పొలిమేర దాటకముందే పక్కసీటు ముసలావిడ అడగనే అడిగింది, "ఏం తల్లీ, ఊరగాయా?" అని. చంద్రావతి తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో ఆమెకే తెలియలేదు. ముసలావిడ మాత్రం ఊరగాయేనని తీర్మానించుకుని, "మూత సరిగా బిగించినట్టు లేదు, ఏందో ఘాటు కొడతా ఉండాది, గుడ్డ ఇంకో చుట్టు చుట్టుకోకపోయినావా" అని సలహా చెప్పి, కిటికీకి తల ఆనించి కునుకు తీయసాగింది. ఊరగాయంట. చంద్రావతికి నవ్వు రాలేదు, ఏడుపు రాలేదు. సంచిని ఇంకాస్త దగ్గరకు లాక్కుంది, అంతే. ఆమె ఒళ్లో ఉన్నది ఆమె మొగుడి మెదడు. పాత దుప్పటి ముక్క చుట్టి, గోనెసంచిలో నిలబెట్టి, మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకున్న గాజుజాడీలో, మందునీళ్లలో మునిగి, మామిడితోపు కోదండరామ అంటే తిరుత్తణి చుట్టుపక్కల ఎవరైనా దోవ చూపించే మనిషి మెదడు ఉంది. ఏడాది కిందటే కాల్చి, ఎముకలేరి, నీళ్లలో కలిపి, పదకొండో రోజు అన్నం పెట్టి, అయిపోయింది అనుకున్న మనిషి. అయిపోలేదు. ఏడాదిగా మద్రాసులో ఒక ఆస్పత్రి బీరువాలో, పేరు లేకుండా, ఒక నంబరుతో, దాని కింద ఇంగ్లీషులో రెండే మాటలతో, హిందూ మగమనిషి అని, ఉన్నాడు. హిందూ మగమనిషి! దేశంలో అందరూ కాదూ హిందూ మగమనుషులు!

బస్సు గుంతలో పడి లేచినప్పుడల్లా జాడీలో నీళ్లు తొణికిన చప్పుడు. చేతులు వాటంతటవే దాన్ని పొట్టకు అదుముకుంటాయి. ఈ బరువు ఆమె తొడలకు కొత్త కాదు. కడపటి రోజుల్లో ఆయనకు పడుకుంటే నిద్ర పట్టేది కాదు, ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటే వచ్చి ఒళ్లో తల పెట్టుకునేవాడు. ఎవరో తెలియకపోయినా పెట్టుకునేవాడు. "నువ్వెవురమ్మా, మంచిదానివి" అనేవాడు. ఆ బరువులో వెచ్చదనం ఉండేది, నూనె రాసిన జుట్టు వాసన ఉండేది. ఇందులో ఏమీ లేదు, గాజు చల్లదనం, ముక్కుపుటాలు మండించే మందు ఘాటు. అయినా తొడలు మోసపోతున్నాయి, ఆయనే అనుకుంటున్నాయి. పో, ఈ ఒంటికి బుద్ధి లేదు.

ముందు వరసలో మగవాళ్ల సీటులో బావగారి వీపు కనబడుతోంది. వరదయ్య, కోదండరామకు తోడబుట్టిన అన్న, ఇంటికి పెద్ద. ఉతికిన పంచె, భుజాన జరీ అంచు కండువా, మెడ నిటారుగా. పొద్దున ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఎదుట నిలబడి, మా తమ్ముణ్ణి బోలు తలతో కాల్చుకున్నామా, మేమేమన్నా దిక్కులేనివాళ్లమా, మాకు ఎమ్మెల్యే తెలుసు, పత్రికలవాళ్లు తెలుసు అని మేడంతా మోగేటట్టు కేకలు పెట్టి, జాడీ చేతికి తెచ్చేదాకా కదలని మనిషి వీపు అది. గెలిచిన వీపు. ఆహా, ఎంత ప్రేమ పొంగిందయ్యా తమ్ముడి మీద! బతికున్నప్పుడు యాడ దాచిపెట్టినావు బావా అదంతా? వాన పడేటప్పుడు తడుస్తూ తోపులో తిరిగే తమ్ముణ్ణి చూసి తలుపేసుకున్నప్పుడు యాడుండె?

తోపు. అక్కడే మొదలైంది, ఆమెకు బాగా తెలుసు. తొలకరి పడగానే కోదండరామ అంటు కట్టేవాడు, కుండీలోని మొలకను తల్లిచెట్టు కొమ్మ పక్కకెత్తి, రెండింటికీ పక్క చెక్కి, చెక్కిన చోటు చెక్కిన చోటుకు అతికించి, అరటినారతో చుట్టేవాడు. ఆయన చుట్టిన నార ఊడదు, ఆయన కట్టిన అంటు చావదు. పళవేర్కాడు నుంచి రొయ్యల వ్యాపారులు కూడా వచ్చి మొక్కలు పట్టుకుపోయేవాళ్లు, ఉప్పుగాలికి బతుకుతుందా అన్నా అని అడిగితే, నా చెయ్యి పడితే బతుకుతుంది అనేవాడు, అంత పొగరు. ఆ యేడు చెక్కినాడు, మొలకను చెక్కినాడు, కొమ్మను చెక్కినాడు, నార చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. ఆమె సద్ది తెచ్చేసరికి చెక్కిన చోట రసం ఆరి నల్లబడింది. "ఏమయ్యా?" అంటే, "దీన్ని ఏం చెయ్యాలనుకున్నానో," అన్నాడు నార చూపించి, ఎవరికీ చెప్పొద్దని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నవ్వింది. దేవుడా, నవ్వింది తను! ఎండ తగిలిందేమోలే అని మజ్జిగ పోసింది. అప్పటికాయనకు ముసలితనం కాదు, తల సగం కూడా నెరవలేదు. తర్వాత చెప్పులు బియ్యంకుండలో. తర్వాత పక్కవాళ్ల బావి దగ్గరకు పోయి ఇది మనదే అని తగువు. తర్వాత అద్దంలో ఎవరో ఉన్నారని భయం. తర్వాత ఆమె పేరు.

గాలి పట్టిందన్నారు. అన్నది ఊరు, చేయించింది బావ. ఎవణ్ణో పిలిపించి, వేపమండలతో, తర్వాత చింతబరికెతో, పోతావా పోవా, పోతావా పోవా అని కొట్టించాడు. కోదండరామ చేతులు అడ్డం పెట్టుకుని, "యాడికి పోవాలన్నా? చెప్పు, పోతాను" అని అన్నవైపు చూసి ఏడ్చాడు. ఆ చూపు చూసి కూడా ఆపలేదు నువ్వు, బావా. ఆ తర్వాత గొలుసు. తోపులోని రాతిగదిలో, గోడకు ఇనుప కడియం ఉంది, దానికి గొలుసు, గొలుసుకు కాలు. ఇల్లు విడిచి పోకుండా అన్నారు. నేను కూతురింటికి పోయి తిరిగొచ్చేసరికి ఆ పని చేసిపెట్టినారు. నేను రాయి తీసుకుని గొలుసు పగలగొడుతుంటే, ఆయన ఎంత శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు, ఎవరో పరాయివాళ్ల కాలును విడిపిస్తున్నట్టు. చీలమండ చుట్టూ చర్మం లేచిపోయి, ఈగలు. బస్సులో కూర్చున్న చంద్రావతి పళ్లు కొరుక్కున్న చప్పుడు ఆమెకే వినబడింది. ముసలావిడ నిద్రలో కదిలి మళ్లీ సర్దుకుంది. కిటికీ బయట చెరకుతోటలు, ఇటుకబట్టీలు, ఒక గోడ మీద తిరుత్తణి మాదే అని అరవంలో పెద్ద అక్షరాలు. ఇదొక గొడవ. ఆంధ్ర రాష్ట్రం వేరుపడినప్పటినుంచి తిరుత్తణి మాదంటే మాదని ఆ రాష్ట్రం, ఈ రాష్ట్రం ఊరేగింపులు, మీటింగులు. పొద్దున పెద్ద డాక్టరు కూడా అన్నాడు, మీరు ఆంధ్రవాళ్లు కదా, మీకు మా రూల్సు తెలియవు అని. తల తెరిచేటప్పుడు ఏ రాష్ట్రం తల అని అడగలేదే నువ్వు!

ఆస్పత్రిలో చేర్చిందీ బావే, ఇంక ఇంట్లో పెట్టుకోలేమని. మగవాళ్ల వార్డులోకి ఆడవాళ్లను రానివ్వరు. వరండాలో ఇనుపచువ్వల అవతల నిలబడితే ఒకసారి కనిపించాడు, నీలం చొక్కా, క్షవరం చేసిన తల. చెయ్యి ఊపింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఎవరికో అనుకుని. అంతే, అదే ఆఖరు. ఆయన పోయిన పొద్దు ఆ వరండాలోనే కాచుకుని ఉంది, శవాన్ని ఇచ్చినప్పుడు తలకు కట్టు ఉంది, నుదుటి దగ్గర్నుంచి చెవుల మీదుగా చుట్టూ. ఎందుకీ కట్టు అని అడిగితే అక్కడి ఆర్డర్లీ, కిందపడినాడమ్మా, దెబ్బ తగిలింది అన్నాడు, మొహం చూడకుండా. కిందపడినాడు. ఆ మాటను ఆమె ఏడాది మోసింది. నేను పక్కనుంటే పడేవాడా? పట్టుకునేదాన్ని కదా? ఎంత నొప్పి పడ్డాడో, నీళ్లడిగాడో, ఎవరిని పిలిచాడో, పిలవడానికి పేరేదీ గుర్తులేక నోరు తెరిచి ఊరుకున్నాడో. కూడు నోట్లో పెట్టుకుంటే కిందపడిన చప్పుడు. నిద్రపోతే కిందపడిన చప్పుడు. ఏడాది! అబద్ధమంట అది. ఒక్క నిమిషం నిలబడి నిజం చెప్పే ఓపిక లేక ఎవడో విసిరేసిన అబద్ధం, ఆమె ఏడాది తిన్న కూడు.

పోయిన నెల, గ్లాసు మజ్జిగ మధ్యలో నిజం బయటపడింది. శివప్రకాశం అని ఆ ఆస్పత్రి డాక్టరు, వయసులో చిన్నవాడే, జాడీ నంబరు పట్టుకుని పాత రిజిస్టరు తిరగేసి, వెతుక్కుంటూ తిరుత్తణి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నెమ్మదైన మనిషి. అరవంలోనే మాట్లాడాడు. మరుపు ఎప్పుడు మొదలైంది, మొదట ఏది మరిచాడు, ఆయన తండ్రికి ఉండేదా, మేనత్తలకు ఉండేదా అని అడుగుతూ పోయాడు. ఇంత శ్రద్ధగా ఆయన గురించి అడిగినవాడు ఈ భూమ్మీద ఇంకొకడు లేడే అని ఆమె గుండె కరిగిపోయి చెప్పింది. మామగారు ఆదికేశవులు నేను కాపరానికి రాకముందే కాశీకి పోయి అక్కడే కాలం చేసినారంట సామీ, మంచి జ్ఞానవంతులంట, అని చెప్పింది. ఆయన రాసుకున్నాడు. రాసుకుని, ఓదార్పుగా చెబుతున్నాననుకుని, "బాధపడకండమ్మా, మీ ఆయన మెదడు మా దగ్గర భద్రంగా ఉంది, చాలా అపురూపమైనది" అన్నాడు.

"యాడుంది?"

"మా ఆస్పత్రిలోనే."

"కిందపడి తల పగిలిందంటిరే?"

"ఎవరన్నారు? ఆయన పడలేదమ్మా. జ్వరం వచ్చి నిద్రలో పోయాడు."

నిద్రలో పోయాడు. ఆ మాటకు ప్రాణం లేచొచ్చిందో, అంతకుముందటి మాటకు ప్రాణం పోయిందో, రెండూ ఒకేసారి. "లేచి పో" అంది. "మెదడు తీసుకునేటప్పుడు అడగడానికి నోరు లేదు, కథ కావాల్సొచ్చేసరికి ఇల్లు దొరికిందా? పో!" ఆయన మొహం తెల్లబోయి, గ్లాసు కింద పెట్టి, వెళ్లిపోయాడు. అప్పుడు బావకు చెప్పింది. మద్రాసుకు ఒంటిగా పోలేక చెప్పింది. చెప్పగానే ఆయన కోపగించుకోలేదు. అదేమిటో అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తడుతోంది. మొహంలో నెత్తురు దిగిపోయి, "ఇంకేమడిగినాడు? నాయన గురించి అడిగినాడా? నువ్వేం చెప్పినావు?" అన్నాడు. కాశీ సంగతే చెప్పినానంటే, అప్పుడు ఊపిరి పీల్చుకుని, అప్పుడు కోపం తెచ్చుకున్నాడు.

ఈ పొద్దున ఆ గది. గోడ పొడవునా అలమర్లు, అలమర్ల నిండా జాడీలు. కొన్నింటిలో నీళ్లు పచ్చబారాయి. ఎవరో వాళ్లంతా, ఎవరి ఇంటివాళ్లో, ఎవరి అరుగుల మీద ఎవరెవరు ఇంకా ఎదురుచూస్తున్నారో. బావ పెద్ద డాక్టరు గదిలో అరుస్తుంటే శివప్రకాశం ఆమెను పక్కకు పిలిచాడు. "తప్పు జరిగిందమ్మా. అప్పుడు మీరు వరండాలోనే ఉన్నారు, అడిగి ఉండొచ్చు. ఎవరం అడగలేదు. ఇక్కడ అలా అడిగే అలవాటు లేదు," అన్నాడు. అలవాటు లేదంట! ఆ మాట దగ్గర ఆగి, ఆయన ఆమెను భూతద్దం యంత్రం దగ్గర నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని చూడమన్నాడు. పసుపు రంగు నేల మీద నల్లటి చుక్కలు, బూడిద రాలినట్టు. వాటి మధ్య చిక్కుపడిన దారప్పోగులు. ఇదే జబ్బు అన్నాడు. ఒక జర్మనీ డాక్టరు కనిపెట్టాడట. గాలి కాదు, పిచ్చి కాదు, ఆయన చేసిన పాపం కాదు. "ఒక్క మెదడు చూస్తే ఏమీ తెలియదమ్మా. చాలా కావాలి, ఏళ్ల తరబడి భద్రంగా పెట్టాలి, ఒక్కోదాని పక్కన ఆ మనిషి ఎలా బతికాడు, ఏది ముందు మరిచాడు, ఇంట్లో ఇంకెవరికి వచ్చింది, అదంతా ఉండాలి. అప్పుడు నేను కాకపోయినా, నా తర్వాత ఎవరో ఒకరు తీసి చూసినప్పుడు ఏదో ఒకటి తేలుతుంది. కథ లేకపోతే ఇది ఉత్త మాంసం." అద్దంలోంచి కన్ను తీయబుద్ధి కాలేదు ఆమెకు. ఇది ఆయన కాదు, ఆయన్ను తిన్నది. చింతబరికెతో కొట్టింది దీన్నా? గొలుసేసి కట్టింది ఈ బూడిదచుక్కనా? ఒక మాట అడగాలని నోరు తెరిచేలోగా బావ జాడీతో వచ్చేశాడు.

పాండూరు దగ్గర ముసలావిడ దిగిపోయింది, పచ్చడి బాగా ఊరనియ్యి తల్లీ అని చెప్పి మరీ దిగింది. వరదయ్య లేచి వచ్చి ఆ ఖాళీ సీటులో కూర్చున్నాడు. సంచి వైపు చూడకుండా, ముందు సీటు కమ్మీ వైపు చూస్తూ, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"చూడమ్మాయీ, ఇంటికి తీసుకుపోవద్దు దీన్ని. తిరుత్తణికి ముందరే దిగుదాము. పాడుబడిన క్వారీగుంత ఉండాది కదా, నీళ్లు నిండుగా ఉంటాయి. రాయి కట్టి వదిలేస్తే సరిపోతుంది."

"కర్మం చేస్తామని కదా తెచ్చినావు బావా?"

"కర్మం ఎప్పుడో అయిపోయింది. ఊళ్లో తెలిస్తే? నా బిడ్డ వనజాక్షిని పొన్నేరివాళ్లు చూసిపోయినారు, తాంబూలాలు కూడా అనుకున్నాము. ఈ మాట వాళ్ల చెవిన పడితే పిల్ల గతేం కావాల? ఆ డాక్టరు మళ్లీ వస్తే తలుపు తియ్యొద్దు. నాయన సంగతి మాదిరి, తోపులోనే గుట్టుగా అణిగిపోయినట్టు, ఇది కూడా..." అని, నాలుక కరుచుకున్నాడు.

బస్సు రొద పెడుతూనే ఉంది. చంద్రావతి అతనివైపు తిరిగింది. నాయన సంగతి మాదిరి. తోపులోనే. గోడకు ఇనుప కడియం. కాపరానికి వచ్చిన కొత్తలో అడిగింది తను, గొడ్లే లేని గదిలో ఈ కడియం ఎందుకత్తా అని. అత్త చీపురు తీసుకుని పోయింది. మనిషి కూర్చుంటే మడమ అందేంత కింద ఉంటుంది ఆ కడియం. రాతిలో గొలుసు ఒరుసుకున్న పాత గాడి ఉండేది, కోదండరామ కాలికి గొలుసు పడకముందే ఉండేది. కాశీ లేదు, గంగ లేదు. ప్రతి యేడూ పటానికి దండేసి తను దణ్ణం పెట్టుకున్నది జ్ఞానవంతుడికి కాదు, ఆ కడియానికి. ఇంతమంది తెలిసి! ఈ మనిషికి తెలుసు, అత్తకు తెలుసు, కోదండరామకు కూడా తెలిసే ఉంటుంది, నార పట్టుకుని నిలబడిన ఆ పొద్దున ఆయనకు తెలిసే ఉంటుంది, అందుకే కాబోలు ఎవరికీ చెప్పొద్దని చెయ్యి పట్టుకున్నాడు! తెలిసీ తెలిసీ గాలి పట్టిందని బరికెలతో కొట్టించారు. డాక్టరు అడగలేదని అరిచావే బావా, నువ్వు ఏం చెప్పావు నాకు? వాళ్లు చచ్చిన తర్వాత మెదడు దొంగిలించారు. మీరు బతికుండగానే, పెళ్లిపీటల మీదనే, నా చేతిలోంచి నిజం దొంగిలించారు!

"ఆపండయ్యా బస్సు!" అని అరిచింది. తిరుత్తణి ఇంకా రాలేదు కదమ్మా అని అరవంలో గొణుగుతూనే కండక్టరు విజిల్ ఊదాడు. కనకమ్మసత్రం స్టాపు. సంచిని చంకనెత్తుకుని దిగింది, వెనకాలే కండువా జారిపోతుంటే వరదయ్య దిగాడు. బస్సు దుమ్ము ఇద్దరి మీద పోసి వెళ్లిపోయింది. ఆమె రోడ్డు దాటి అవతలి పక్క, తిరువళ్లూరు పోయే బస్సు ఆగే చోట నిలబడింది.

"యాడికి పోతా ఉండావు? పిచ్చి పట్టిందా?"

"ఆ మాట అనద్దు. ఇంకొకసారి ఆ మాట నీ నోట రాకూడదు."

"అమ్మాయీ, ఇటివ్వు సంచి."

"ముట్టుకో చూద్దాం. మామను కట్టేసినారు, తమ్ముణ్ణి కట్టేసినారు. ఇంక మిగిలిందాన్ని గుంతలో పడేస్తావా? ఇది పోతే ఎవురికి తెలుస్తుంది మీ ఇంట్లో ఏం జరిగిందో? రేపు నీకొస్తే నిన్ను ఏ కడియానికి కట్టాల?"

చెయ్యి చాచినవాడు చాచినట్టే ఆగిపోయాడు. సత్రం గోడపక్క రాతి మీద కూలబడ్డాడు. ఇంతసేపూ నిటారుగా ఉన్న మెడ వంగిపోయింది. "నాకు భయంగా ఉండాది," అన్నాడు మెల్లగా. "తాళంచెవి యాడ పెట్టినానో మరిచిపోతే కాళ్లు చల్లబడతా ఉండాయి. నాయన్ను కట్టేసినప్పుడు నా చేతనే కట్టించింది అమ్మ. నన్ను చూసి ఎవురు బిడ్డా నువ్వు అన్నాడు." చంద్రావతి చూసింది. జాలి రాలేదు. రావాలేమో అనుకుంది, రాలేదు. అయినా కోపం ఇందాకటి దోవ విడిచి ఇంకో దోవ పట్టింది. ఇంతమంది ఇంత భయపడుతూ, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒకరినొకరు కట్టేసుకుంటూ! "అయితే నువ్వు పోయి వనజాక్షికి చెప్పు," అంది. "నేను నా కూతురికి చెప్తాను." బస్సు వచ్చింది. వరదయ్య లేవలేదు, ఆపలేదు.

కూతురు మునిలక్ష్మి తిరువళ్లూరులో కాపరం, అక్కడి బడిలో పంతులమ్మ. దీపాలు పెట్టే వేళకు గుమ్మంలో తల్లి సంచితో నిలబడితే, బిత్తరపోయి లోపలికి తీసుకుంది. చంద్రావతి నీళ్లు కూడా తాగకుండా, నిలబడే అంతా చెప్పింది, జాడీ, భూతద్దం, కాశీ, కడియం. తాతకు వచ్చింది, నాయనకు వచ్చింది, రేపు నీకు రావచ్చు, రాకపోవచ్చు. చెప్పి, "పొద్దున్నే పోయి దీన్ని మళ్లీ ఆ డాక్టరు చేతికే ఇచ్చేస్తాను, మామ సంగతి కూడా చెప్పేస్తాను, అనేసుకున్నాను" అంది.

మునిలక్ష్మి సంచి వైపు చూసి, తల్లి వైపు తిరిగింది. మాట్లాడినప్పుడు ఆ గొంతు చంద్రావతి ఎన్నడూ విననిది.

"నాయనకు గొలుసేసినప్పుడు నాకు చెప్పలేదు. ఆస్పత్రిలో తోసినాక చెప్పినారు. ఇప్పుడు కూడా అంతా అనేసుకోని వచ్చి నాకు చెప్తా ఉండావు. నా తాత, నా నాయన, నా నెత్తురు. ఆ డాక్టరుకీ నీకూ ఏం తేడామ్మా?"

చెంప మీద కొట్టినట్టయింది. పొద్దున్నుంచి లోకం మీద విసురుతున్న రాయి తిరిగొచ్చి తన నుదుటికే తగిలింది. సంచి నేలమీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరూ ఎప్పుడూ తనను అడగలేదు, నిజమే. తను మాత్రం ఎవరిని అడిగింది ఇన్నేళ్లలో? ఆ మాట నోటికి అలవాటే లేదు, కొత్త భాష మాదిరి తడబడింది.

"అయితే... నువ్వు చెప్పు పాపా. ఏం చేద్దాము?"

"ముందు చూడనీ."

దుప్పటి విప్పింది మునిలక్ష్మి. దీపం దగ్గరకు జరుపుకుంది. ముడతలు ముడతలుగా, కోసిన చోట చదునుగా, చిన్నదిగా ఉంది. ఇంతేనా అన్నట్టు చూసింది. గాజు మీద అరచెయ్యి ఆనించి, ఏడవలేదు, జ్వరం చూసినట్టు అలాగే ఉంచుకుంది. పొయ్యిమీద అన్నం పొంగి గంజి కారుతున్నా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"ఇద్దాము," అంది చివరికి. "నాకేదో మందు దొరుకుతాదని కాదు. ఇది జబ్బని ముందే ఎవురైనా చెప్పి ఉంటే, నాయన్ను కొట్టి ఉండరు కదా. ఇంకొక ఇంట్లో ఇంకొకరినైనా కొట్టకుండా ఉంటారు. కానీ నేను కూడా వస్తాను. నా ముందర మాట్లాడాల."

మర్నాడు తల్లీకూతుళ్లు మద్రాసు పోయారు. పెద్ద డాక్టరు కనబడలేదు, కనబడి ఉంటే ఏమనేదో చంద్రావతికే తెలియదు. శివప్రకాశం జాడీని చూసి లేచి నిలబడ్డాడు, రెండు చేతులతో అందుకున్నాడు, బల్ల మీద పెట్టాక కూడా కాసేపు చేతులు తీయలేదు. కుర్చీలు తెప్పించాడు. ఆమె మామగారి సంగతి ఎత్తగానే అలవాటుగా కలం మూత తీశాడు. తీసి, ఆగాడు. కలం కింద పెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, "రాసుకోవచ్చునా అమ్మా? ఇది మా దగ్గర ఉంచుకోవచ్చునా?" అన్నాడు.

చంద్రావతి కూతురివైపు చూసింది. కూతురు తల ఊపింది.

"ఉంచుకో సామీ, రాసుకో," అంది. "ఇంత చిన్నమాట. నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టింది నీకు? ఆ పొద్దు నేను ఆ వరండాలోనే ఉంటిని కదా. ఎందుకు అడగలేదు?"

ఆమె శివప్రకాశం కళ్లలోకి చూస్తూ జవాబు కోసం నిజంగానే కాచుకుంది, అతను తల దించుకునేదాకా కాచుకుంది. ఆ తర్వాత కొంగు భుజం మీదికి లాక్కుని, మా మామ పేరు ఆదికేశవులు అని చెప్పడం మొదలుపెట్టింది.